వెనక పిలుపు

మా ఆయనకి పిచ్చెక్కించింది ఒక వారపత్రిక. తెనాలి బజారులో ఆయనకి రేడియో రిపేరు కొట్టు ఉండేది. అరవైల చివర్లో ఆ పత్రికలో ఒక సీరియల్ వచ్చేది. వేరే గ్రహం నుంచి వచ్చిన మనిషి మణికట్టుకి చిన్న పెట్టె కట్టుకుని, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, ఆకాశంలో ఎక్కడో ఉన్న తన వాళ్ళతో మాట్లాడుతుంటాడు. ఆ గ్రహం మీద ఆడవాళ్ళు వంట చెయ్యరట, మాత్రలు మింగి ఊరుకుంటారట. ఆ కథలో నాకు నచ్చింది అదొక్కటే. ఆయనకి మాత్రం మణికట్టు మీది పెట్టె తప్ప ఇంకేమీ కనపడలేదు.

బొమ్మలున్న పేజీలు చింపి కొట్లో గోడకి అంటించాడు. "నవ్వకే, ఒకప్పుడు రేడియో అంటే బీరువా అంత ఉండేది. ఇప్పుడు చంకలో పెట్టుకుపోతున్నారు. రేపు చేతికి కట్టుకుంటారు. తయారుచేసేవాడు తెనాలిలో ఉండకూడదని రాసిపెట్టుందా ఏంటి?" అనేవాడు. నేను ఎన్ని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వేమూరులో మా నాన్నకి ఈ సంగతి తెలిసి, "రేడియోలు బాగుచేసేవాడికి ఇచ్చామనుకున్నాం గానీ, రేడియో మింగినవాడికి ఇచ్చామని తెలీలేదమ్మా" అన్నాడు. మా నాన్నకి పొలం, కాలవ నీళ్ళు, వడ్లు తప్ప ప్రపంచంలో మిగతాదంతా వేళాకోళమే.

మణికట్టుకని మొదలుపెట్టింది మెడకి ఎక్కింది. ఎంత కుదించినా అది సబ్బుపెట్టె కంటే చిన్నది కాలేదు. సెల్లుల బరువు వేరే. చివరికి పెట్టె గుండెల మీద వేలాడేటట్టు, సెల్లులు నడుముకి కట్టుకునేటట్టు, ఒక తీగ చెవిలోకి, ఒక తీగ భుజం మీదుగా వీపు మీదకి పోయేటట్టు కుదిరింది. నా పాత రవికల లైనింగు చింపి సంచీలు కుట్టిచ్చాను. అలాంటివి రెండు చేశాడు. పక్కనున్న మీట నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. నన్ను డాబా మీద నిలబెట్టి తను కాలవ గట్టున నడుచుకుంటూ వెళ్ళేవాడు. "వినపడుతోందా?" అని చెవిలో గరగరమనేది. "వినపడుతోంది. వచ్చేటప్పుడు కరివేపాకు పట్రండి" అనేదాన్ని. తెచ్చేవాడు. మొదటిసారి కరివేపాకు తెచ్చిన రోజు ఆయన మొహం చూడాలి. రాజ్యం గెలిచి వచ్చినట్టు ఆ రెబ్బలు నా చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు కూడా ముచ్చటేసింది, లేదనను.

వేమూరులో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి కూడా దాన్ని మెడలో వేసుకునే వచ్చాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే. విడిదింట్లో పెద్దాయనొకాయన ఆయన చెవిలో తీగ చూసి, పాపం చెవుడనుకుని, "భోజనం చేశావా అబ్బాయ్!" అని పందిరి అదిరేటట్టు అరిచాడు. లైసెన్సు లేకుండా గాలిలోకి మాట పంపడం నేరమని మా ఆయనకి తెలుసు. అందుకని అడిగినవాళ్ళందరికీ చెవిటి మిషనేనని చెప్పేవాడు. ఊళ్ళో సగం మంది ఆయనతో అరిచి మాట్లాడటం అలవాటు చేసుకున్నారు.

ఇది ఇలా నవ్వులాటగానే పోయి ఉంటే ఎంత బాగుండేది.

నిజాంపట్నం అవతల ఒక పల్లె నుంచి ఒకతను కొట్టుకి వచ్చేవాడు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ట్రాన్సిస్టరు పట్టుకుని రేపల్లె రైల్లో దిగేవాడు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక చిన్న నావ ఉండేది. అన్న మాట్లాడడు, ఇతను ఆపడు. మా ఆయన్ని "అన్నా" అనేవాడు. సీరియల్ కథంతా చెబితే నోరు తెరుచుకుని విన్నాడు. విని, గ్రహం సంగతి వదిలేసి, "సముద్రం మీద పన్చేత్తదా అన్నా?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నకి మా ఆయన పడిపోయాడు. నీళ్ళ మీద చెట్లూ డాబాలూ అడ్డముండవు, మాట ఇంకా దూరం పోతుందని పుస్తకాల్లో చదివాడు. ఊళ్ళో అయితే పోలీసుల భయం. అక్కడైతే ఎవరు చూస్తారు? ఆ ఎండాకాలం రెండు పెట్టెలూ గోనెసంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

అతని పెళ్ళాం నాకు ఆ రోజే పరిచయం. పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, చేపలు ఆరబెట్టే దిబ్బ మీద నిలబడి కాకుల్ని తోలుతోంది. ఆ గొంతు వింటే ఈ అమ్మాయికి పెట్టె ఎందుకు, ఇక్కడ నిలబడి కేకేస్తే లంకలో వినపడుతుంది కదా అనిపించింది. అదే ఆమెతో అన్నాను. విరగబడి నవ్వింది. "ఇంట్లోనేమో మా అత్త ముందు గొంతు లేవదక్కా, అదంతా కాకుల మీద తీర్చుకుంటన్నా" అంది.

నావ మీద పెట్టె తడవకుండా మా ఆయన సైకిలు ట్యూబు ముక్కలో దూర్చి, కింద అతికించి, పైన మూతి దారంతో కట్టే ఏర్పాటు చేశాడు. మాట్లాడాలంటే దారం విప్పాలి. నావ లోపలికి వెళ్ళింది. పల్లె మొత్తం ఒడ్డుకి వచ్చి ఆమె చుట్టూ మూగింది. చెవిలో తీగ పెట్టుకుని రాయిలా నిలబడింది పిల్ల. కాసేపటికి ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏంటంట? ఏంటంట?" అని అందరూ ఆమె మీద పడ్డారు.

"కూడొండావా అనడుగుతన్నాడు" అంది.

మా ఆయన మీట నొక్కి చూపించాడు. ఆమె పెట్టెని నోటి దగ్గర పెట్టుకుని, "నువ్వు చేప తెత్తే గదా ఒండేది!" అని అరిచింది. నవ్వులతో ఒడ్డు ఒడ్డంతా గోలెత్తిపోయింది. నాకు ఇప్పటికీ ఆ పల్లె అనగానే ముందు ఆ నవ్వే వినపడుతుంది. దాని తర్వాత మిగతావి వస్తాయి.

చిక్కు మర్నాడు పొద్దున వచ్చింది. "ఇదుంటే నువ్వు కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలవచ్చు" అన్నాడతను పెళ్ళాంతో. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. గడప దగ్గర వల బాగుచేసుకుంటున్న అత్త చేతిలో పని ఆపి, "సముద్రం మీదకి పోయేవోణ్ణి ఎనకనుంచి పిలుత్తారంట్రా ఎక్కడన్నా? బుద్ధుందా నీకు?" అంది.

ఈ పట్టింపు వాళ్ళకి ఒక్కళ్ళకే కాదు. మా ఇంట్లోనూ ఉంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగం, వెనక్కి పిలవం. పొరపాటున పిలిస్తే ఆ మనిషి లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసిని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరతాడు. దోషం పోతుంది. నావలో ఉన్నవాడు ఎక్కడ కాళ్ళు కడుక్కుంటాడు, ఎక్కడ కూర్చుంటాడు? అందుకే వాళ్ళ ఆడవాళ్ళు నావని నీళ్ళలోకి తోశాక నోరు విప్పరు. ఏదన్నా మర్చిపోయినా సరే, మర్చిపోయినట్టే.

మా ఆయన వాదించలేదు. "అయితే అమ్మాయి పిలవద్దు. తనే పిలుస్తాడు, అమ్మాయి పలుకుతుంది. సరేనా?" అన్నాడు. అత్త ఆలోచించి, పిలిస్తే పలకడంలో తప్పు లేదంది. అలా ఒప్పందం కుదిరింది. వల వేశాక అతను పిలిచి క్షేమం చెబుతాడు. అంతవరకు ఈమె పెట్టె మెడలో వేసుకుని తన పని తను చేసుకుంటుంది.

ఆ ఒప్పందం మీదే మా ఆయన ఇంకో తెలివైన పని చేశాడు. పెట్టె ఆన్ చేసి ఉంచితే సెల్లులు ఊరికే అయిపోతున్నాయి. ఒడ్డున ఉన్న పెట్టె ఎప్పుడు పిలుపొస్తుందోనని ఆన్ చేసే ఉండాలి, తప్పదు. నావలో పెట్టెకి ఆ అవసరమేముంది? ఒడ్డు నుంచి ఎవరూ పిలవరు కదా. "నువ్వు మాట్లాడేటప్పుడే ఈ బిళ్ళ తిప్పు. అవగానే టక్కుమనేదాకా వెనక్కి తిప్పేసి మూతి కట్టెయ్" అని అతనికి చెప్పాడు. అతను తలూపాడు. ఇదంతా నావ పక్కన మగవాళ్ళిద్దరూ అనుకున్న మాట. ఎటూ పిలవని మనిషికి ఈ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ వానాకాలమంతా అది చక్కగా పనిచేసింది. అతను తెనాలి వచ్చినప్పుడల్లా కొట్లో కూర్చుని అదే కబుర్లు. ఇంతకుముందు నావ కనపడకపోతే మా ఆడది అన్నం ముట్టేది కాదన్నా, ఇప్పుడు నా గొంతు వినగానే తినేసి పడుకుంటంది అని నవ్వేవాడు. గోడ మీది ఆకాశపు మనిషి బొమ్మ కింద నిలబడి మా ఆయన కూడా నవ్వేవాడు. మా ఆయన్ని అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత అసలే చూడలేదు.

కార్తీకమాసంలో ఒక పొద్దున జరిగింది ఇది. నేను అక్కడ లేను. ఆమె నోటా, పల్లెలో ఆడవాళ్ళ నోటా విన్నదే చెబుతున్నాను.

నావలు తెల్లవారుతూనే వెళ్ళాయి. గాలి మామూలుగానే ఉందట. ఎండ ఎక్కాక టీ కొట్లో రేడియో, వాయుగుండం పడింది, చేపలు పట్టేవాళ్ళు సముద్రంలోకి వెళ్ళవద్దు అని చెప్పింది. మా ఆయన బాగుచేసి ఇచ్చిన ట్రాన్సిస్టరే అది. ఆడవాళ్ళంతా ఒడ్డుకి పరుగెత్తారు. అప్పటికే తూర్పు దిక్కు నల్లబడుతోంది. దగ్గర్లో ఉన్న నావలు ఆకాశం చూసుకుని వాటంతట అవే తిరుగుముఖం పట్టాయి. అన్నదమ్ముల నావ అందరికంటే ముందు పోయింది. చూపు ఆనే చోట చుక్కలా కనిపిస్తోంది, ఇంకా లోపలికే పోతోంది.

ఈమె చెవిలో తీగ పెట్టుకుని అతని పిలుపు కోసం చూసింది. వల వేస్తే గానీ పిలవడు. వల వెయ్యాలంటే ఇంకా లోపలికి పోవాలి. అత్త పక్కనే ఉంది. తోడికోడలు పక్కనే ఉంది. తోడికోడలి మొగుడూ ఆ నావలోనే ఉన్నాడు. ముగ్గురికీ తెలుసు, ఆమె మెడలో ఉన్నది ఏమిటో. ముగ్గురూ నోరు విప్పలేదు. చుక్క చిన్నదవుతోంది. గాలి ఊపందుకుంది.

ఇక ఆగలేక మీట నొక్కింది. నొక్కి, పిలిచింది. వచ్చెయ్, తుఫానంట, వచ్చెయ్ అని. ఒకసారి కాదు. వదిలి విన్నది, మళ్ళీ నొక్కింది. అత్త వచ్చి పెట్టె లాక్కోబోతే ఆమెని ఇసకలో పడేలా నెట్టి, కెరటాల్లోకి నడుములోతు దిగి పిలిచింది. చెవిలో హోరు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు అందరూ చూస్తుండగా ఆ చుక్క పక్కకి తిరిగింది. తెరచాప ఒరిగినట్టు కనపడింది. ఆ తర్వాత వాన తెర దిగిపోయి ఏమీ కనపడలేదు.

ఆ తిరగడం ఒడ్డున ఉన్నవాళ్ళందరూ చూశారు. అదే ఆమె కొంప ముంచింది.

ఒడ్డు వెంబడి చాలా దూరం కొట్టుకుపోయి, బాపట్ల దగ్గర తీరాన అతను దొరికాడు. అన్న దొరకనే లేదు. కబురందగానే మా ఆయన బాపట్ల వెళ్ళాడు. అతని మెడలో పెట్టె పోలీసుల కంట పడిందంటే, ఇంకా యుద్ధం మాటలు చల్లారని రోజులు, శవాన్ని కూడా గూఢచారి అంటారని ఆయన భయం. కానిస్టేబులు ఆ రబ్బరు సంచి వేలితో కదిపి, "ఇదేంటయ్యా?" అన్నాడట. మా ఆయన నోటికి అలవాటైన మాటే వచ్చింది. "చెవిటి మిషనండి."

"చెవుడు పెట్టుకుని సముద్రం మీదకెందుకు పోతార్రా మీరు?" అని తిట్టి, దాన్ని ఆయన చేతిలో పడేశాడు.

ఇంటికి తెచ్చి పీట మీద పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ట్యూబు మూతికి దారం బిర్రుగా, వేసిన ముడి వేసినట్టే ఉంది. విప్పాడు. లోపల చెమ్మ కూడా లేదు. తిప్పే బిళ్ళ టక్కుమనే చోటు దాటి వెనక్కి ఉంది. ఆపేసి ఉంది. నావ ఎందుకు తిరిగిందో ఇక చెప్పక్కర్లేదు. వాళ్ళూ ఆకాశం చూసుకున్నారు, అంతే. లేదా గాలే తిప్పింది. మా ఆయన ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ప్రతిసారీ టక్కుమంది. చివరికి నేనే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

ఈలోగా రేపల్లె నుంచి వచ్చేవాళ్ళు చెప్పే మాటలు వింటుంటే నా ఒళ్ళు మండిపోయేది. వెనకనుంచి పిలిచి మొగుణ్ణి, బావని మింగేసిందట. పిలుపు విని తిరిగాడట, తిరగబట్టే గాలి అడ్డం కొట్టిందట. ఆమె ఎదురొస్తే నావలు ఆపేస్తున్నారట. తోడికోడలు ఆమె వండింది ముట్టడం లేదట. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా రైల్లో ఇదే కథ చెప్పుకుని, అయ్యో ఎంత పని చేసింది అని చప్పరించారు. ఆ పిల్ల కాపాడటానికి పిలిచింది రా బాబూ అన్నవాడు ఒక్కడు లేడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలాంటి పోటు మీద పోటు. నేనక్కడుంటే ఒక్కొక్కరినీ పట్టుకుని కడిగేసేదాన్ని.

"మనం వెళ్ళాలి. పెట్టె ఆపేసి ఉందని చెప్పాలి. వినపడని పిలుపుకి దోషమేంటి? ఆ మాట చెబితే ఆ అమ్మాయి బతుకుతుంది" అన్నాడు మా ఆయన. తప్పు తనదని తేలుతుందని ఆయనకి తెలుసు. తేలనీ అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది.

కర్మలన్నీ అయ్యాక వెళ్ళాం. దిబ్బ మీద చేపలు ఆరుతున్నాయి, కాకులు వాలుతున్నాయి, తోలేవాళ్ళు లేరు. ఆమె ఇంటి పక్క నీడలో మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. మెడలో ఆ పెట్టె ఇంకా ఉంది. సెల్లులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. నన్ను చూసి లేచి చాప వేసింది. అత్త గడపలో కూర్చుని మా వైపు చూడలేదు.

మా ఆయన చాప మీద కూర్చోలేదు. నిలబడే, జేబులోంచి నావలోని పెట్టె తీసి, అత్తకి కూడా వినపడేటట్టు చెప్పాడు. ఇది ఆపేసి ఉందమ్మా. సెల్లులు మిగుల్చుదామని నేనే ఆపమన్నాను. ముడి కూడా విప్పలేదు. నువ్వు పిలిచింది అతనికి వినపడలేదు. నీ పిలుపు వల్ల ఏమీ జరగలేదు. తప్పంటే నాది, నీది కాదు. ఈ మాటలు ఆయన దారంతా నెమరేసుకుంటూ వచ్చాడు. ఒక్కటీ తప్పిపోలేదు.

అత్త తలెత్తి చూసింది. నేను ఆ పిల్ల మొహమే చూస్తున్నాను, ఇప్పుడు బరువు దిగుతుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని.

"ఇనలేదా?" అంది.

"లేదమ్మా."

"ఒక్క మాట కూడా?"

"ఒక్కటి కూడా లేదు తల్లీ."

ఆమె నా వైపు తిరిగింది. "నేను పిలిత్తే తిరిగాడనుకున్నా అక్కా. నా గొంతు ఇని ఇంటికి వత్తా వత్తా పోయాడనుకున్నా. ఈళ్ళు ఎన్ని తిట్టినా పడ్డాను. తిట్టనీలే, ఆయన ఇన్నాడు గదా అని." తర్వాత చాలా చిన్న గొంతుతో అంది. "ఎంతకీ పలక్కపోతే పేరెట్టి పిలిచానక్కా. మనువైన కాణ్ణించీ ఏనాడూ పెట్టలేదు. ఆయన పేరెట్టి పిలిచాను. అది కూడా ఇనలేదా?"

మా ఆయన కంగారుపడ్డాడు. "ఏమో తల్లీ, నీళ్ళలో కొట్టుకునేటప్పుడు బిళ్ళ దానంతటదే తిరిగిపోయి ఉండొచ్చు" అన్నాడు. పచ్చి అబద్ధం. రబ్బరు సంచిలో బిగించిన బిళ్ళ ఎలా తిరుగుతుంది?

"ఏదో ఒకటే చెప్పండన్నయ్యా" అంది ఆమె. "ఇన్నాడా, ఇనలేదా?"

ఆయన నా వంక చూశాడు. ఒక మాటకి ఆమె నెత్తి మీద ఇద్దరి చావు, ఇంకో మాటకి అతని చివరి ఘడియలో ఈమె లేకపోవడం. మా ఆయన తల దించుకుని, "వినలేదు" అన్నాడు.

ఆమె మెడలోంచి పెట్టె తీసింది. తీగలు జాగ్రత్తగా చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"సరే. ఇక నన్ను తిట్టొద్దని ఆళ్ళకి చెప్పి పొండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

చెప్పాం. ముందు అత్తకి, తర్వాత తోడికోడలికి, తర్వాత ఇంటింటికీ తిరిగి చెప్పాం. అందరూ నమ్మారు. అత్త గడపలోంచి లేచి, కోడల్ని అన్నానికి పిలిచింది. మేము బస్సుకి వెళ్ళేదాకా పిలుస్తూనే ఉంది. లోపలినుంచి ఆమె పలకలేదు.